లేత్ మిషన్‌కు చింతపండు

మా చిన్నప్పుడు నేను వెనక షెడ్డు వైపు రెండడుగులు వేస్తే చాలు... "అగో, నాయిన బిడ్డ పోతాంది" అని ఇంట్లో నవ్వేవాళ్ళు. నాయిన మీద ప్రేమతోనే పోతున్నానని అందరి లెక్క. నాయినంటే ఇష్టమే, కాదనను. కానీ నేను పోయింది అక్కడున్న లేత్ మిషన్, అదే ఇనుము చెక్కే మిషన్ కోసం. పదిహేనేళ్ళు దాటినా ఈ ముక్క మొన్నమొన్నటిదాకా మా ఇంట్లో ఎవరికీ ఎక్కలేదు.

మాది గోదావరిఖనిలో ఇరుకు సందు. నాయిన గనిలో ఫిట్టరు. డ్యూటీ దిగి, స్నానం చేసి, చాయ్ తాగి మళ్ళీ ఇనుము దగ్గరికే వచ్చేవాడు. ఆ లేత్‌ను పక్క సందులో ఆటోలు బాగుచేసే యాకూబ్ కాక ఎక్కడో పాత సామాన్ల మధ్య చూసి చెబితే, ఇద్దరూ కలిసి ట్రాలీలో వేసుకొచ్చారట. నేను పుట్టకముందు సంగతి... ఇంట్లో నాకన్నా అదే సీనియర్.

గిర్రున తిరిగే ఇనుప కడ్డీకి టూల్ ఆనించగానే ఆలుగడ్డ పొట్టులా ఇనుము చుట్టలు చుట్టలుగా ఊడి వచ్చేది. వేడికి నీలం రంగు తిరిగిన చుట్టలను ఏరి బిస్కెట్ డబ్బాలో దాచుకునేదాన్ని. నా ఈడు పిల్లలు గాజు ముక్కలు దాచుకునేవాళ్ళు.

మధ్యాహ్నం ఊరి పక్క ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగ్ కాగానే గూట్లో గ్లాసులు గలగలమనేవి. షెడ్డు రేకుల సందుల్లోంచి బొగ్గు దుమ్ము సన్నగా రాలేది. అందుకే మా ఇంట్లో మిషన్ తుడిచే వేళ గడియారం చూసి కాదు, బ్లాస్టింగ్ విని. అంతకుముందు తుడిస్తే దండగ. మొదట పొడి బట్ట, ఆ తర్వాతే నూనె. దుమ్ము తీయకుండా నూనె పోస్తే రెండూ కలిసి ఇనుమును అరగదీస్తాయి. అమ్మ పాత నూలు చీరలన్నీ ఆ మిషన్‌కే అంకితం.

చివర్లో నాయిన బెడ్డు మీద, అంటే మిషన్ కింద పొడుగ్గా నున్నగా ఉండే ఇనుప పలక మీద, ఈ కొస నుంచి ఆ కొసకు బొటనవేలి గోరు లాగేవాడు. గోరు ఎక్కడా తట్టుకోకూడదు... అదీ పరీక్ష.

నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు, దసరా ముందు రోజు. పొద్దుటి నుంచి అమ్మతో కలిసి ఇత్తడి బిందెలు, చెంబులు చింతపండుతో తోమాను. బంగారంలా మెరిశాయి. తెల్లారితే మిషన్‌కూ పూజ చెయ్యాలి కదా... అదెందుకు మెరవకూడదు అనిపించింది. నాయిన సెకండు షిఫ్టుకు పోయాడు. నానబెట్టిన చింతపండు మిగిలి ఉంది. బెడ్డంతా రుద్ది, చెంబులతో నీళ్ళు పోసి కడిగి, మురిసిపోతూ పడుకున్నాను.

తెల్లారి చూస్తే బెడ్డు నిండా ఎర్రటి తుప్పు!

పూజకు వచ్చిన యాకూబ్ కాక వాసన చూసి, "ఏంది బిడ్డా, మిషన్‌కు చారు పోసినవా?" అన్నాడు. అందరూ ఒకటే నవ్వు. నాయిన నవ్వలేదు, తిట్టలేదు. కిరోసిన్ సీసా, చీర ముక్క నా చేతికిచ్చాడు.

"ఇత్తడి చెంబు కాదిది. పులుపు ఇనుమును తింటది. రుద్దు."

పండుగ సెలవులన్నీ రుద్దాను. ఎంత రుద్దినా ఒకచోట చిన్న చిన్న గుంటలు మిగిలిపోయాయి. ఆ రోజు నుంచి మిషన్ తుడిచే డ్యూటీ నాదైంది. ఇంట్లోవాళ్ళు దాన్ని శిక్ష అనుకున్నారు... నాకు మాత్రం ప్రమోషన్ వచ్చినట్టయింది. తుడుస్తూ తుడుస్తూనే నాయిన చేతి పని కూడా చూసి నేర్చుకున్నాను.

డిగ్రీ అయ్యాక హైదరాబాద్‌లో రెండు ఉద్యోగాలు చేశాను, రెండూ వదిలేసి రెండేళ్ళ కిందట ఇంటికొచ్చాను. అప్పటికే నాయిన రిటైరయ్యాడు. మోకాళ్ళ నొప్పులతో షెడ్డులోకి రావడం మానేశాడు. మొన్న అన్న కొత్త కారు కొన్నాడు, దాన్ని పెట్టడానికి షెడ్డు కావాలన్నాడు. పాత ఇనుము కొనేవాళ్ళను ఆదివారం రమ్మని చెప్పేశాడు కూడా. నేను వద్దంటే, నాయిన పని చేసిన మిషన్ కదా, పిల్ల మనసు కష్టపెట్టుకుంటోంది అనుకున్నారు. మిషన్‌లో కడ్డీని బిగించే తాళంచెవి లాంటిది ఒకటుంటుంది, దాన్ని నాకు ఇప్పిస్తానంది అమ్మ. "యాదికి ఉంటది తియ్" అని, నాయిన గుర్తుగా.

ఆదివారం ఆ ఇనుము కొనేవాళ్ళు రాకముందే నాయిన కర్ర పట్టుకుని షెడ్డులోకి వచ్చాడు, చివరిసారి చూసిపోదామని. వెనకే అన్న. నాయిన బెడ్డు మీద గోరు లాగాడు. చింతపండు గుంటల దగ్గర ఒక్కసారి ఆగింది. అంతే, ఆ తర్వాత ఆ కొసదాకా జారిపోయింది.

"ఆయిల్ ఎవలు పెడుతున్నరు?"

"నేనే."

"రోజూనా?"

"బ్లాస్టింగ్ అయినంక."

అన్న నవ్వాడు. "నీ యాదికి పెడుతున్నట్టుంది నాయినా."

నాయిన గోరుకంటిన నూనెను వేళ్ళ మధ్య రాసి చూసుకున్నాడు. "యాదికైతే బొట్టు పెడుతరు బిడ్డా. ఆయిల్ పెట్టరు."

పదిహేనేళ్ళకు ఒక్కరికి అర్థమైంది... చాలు అనిపించింది.

ఇప్పుడు ఏ పార్టు పోయినా కొత్తది కొని వేసేస్తున్నారు. అరిగినదాన్ని చేతిలో తిప్పి చూసే ఓపిక తగ్గింది. అయినా పాత మోటార్లకు దొరకని బుష్‌ల కోసం, అంటే ఇరుసు చుట్టూ కూర్చునే గొట్టం ముక్కల కోసం, నస్పూర్ నుంచి కూడా యాకూబ్ కాకను వెతుక్కుంటూ వస్తారు. నిన్న కాక పంపినవాళ్ళకు ఒకటి మా మిషన్ మీద నా చేత్తో చేసిచ్చాను. సరిగ్గా కూర్చుంది.

మీ ఇళ్ళలోనూ ఏ మూలో ఒక కుట్టుమిషనో, తాత వాడిన సుత్తెనో ఉండే ఉంటుంది... దానికి బొట్టు పెడుతున్నారా, నూనె పెడుతున్నారా? చెప్పండి, వింటాను.

ఆ ఆదివారం వచ్చిన ఇనుము కొనేవాళ్ళను నేనే తిప్పి పంపేశాను. సోమవారం నుంచి షెడ్డు నేను నడుపుతున్నాను. కారు సందులో పెట్టుకోవచ్చు.