లుకాలా కంటే ముందున్న పేరు కోసం హాంబర్గ్ వెళ్లాం

ఈ ప్రయాణానికి కారణం ఒక పెళ్లి. జర్మనీలో, జార్‌బ్రూకెన్‌లో నాతో ఒకే ఫ్లాట్‌లో ఉంటూ చదువుకుంటున్న ఫెస్టోది టాంజానియా. న్గోనీ తెగవాడు. వచ్చే నెల వాళ్ల చెల్లెలి పెళ్లి. పెళ్లిలో ఇంటి పెద్ద లేచి నిలబడి వంశంలోని పేర్లన్నీ కింది నుంచి పైకి వరసగా చెప్పాలట. ఫెస్టో నాన్న ఎప్పుడు చెప్పినా లుకాలా అనే నాయకుడి దగ్గరికొచ్చి ఆగిపోతారు. ఆయన పైన ఎవరున్నారో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. న్గోనీలు ఆఫ్రికా దక్షిణపు కొసన బయల్దేరి, జాంబెజీ నది దాటి, తరాల పాటు నడుచుకుంటూ ఉత్తరానికి వచ్చినవాళ్లు. బంధువుల వరసలన్నీ ఆ నది దాకా వెళ్తాయి. "మీ లుకాలా ఏం ఆకాశం నుంచి ఊడిపడ్డాడా?" అని ప్రతి పెళ్లిలోనూ ఎగతాళి. ఈసారి పెళ్లికొడుకు తరఫువాళ్ల ముందు ఆ మాట పడకూడదని పెద్దాయన పట్టుదల. లుకాలాతో స్వయంగా మాట్లాడిన ఒక జర్మన్ మిషనరీ నోటుబుక్కు హాంబర్గ్‌లోని ఒక ఆర్కైవ్‌లో ఉందని ఫెస్టో కనిపెట్టాడు. ఆరు వారాలు మెయిళ్లు పెట్టగా పెట్టగా టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరికింది. అది విన్నాక నేను ఇంట్లో కూర్చుంటానా!

పొద్దున ఆరింటికి రైలెక్కి, మాన్‌హైమ్‌లో మారి, పన్నెండున్నర దాటాక హాంబర్గ్‌లో దిగాం. ముందే కొన్నాం కాబట్టి మనిషికి నలభై యూరోల లోపే అయింది. స్టూడెంట్ టికెట్ మీద స్లో రైళ్లలో ఊరికే పోవచ్చు గానీ రోజంతా పడుతుంది, రెండింటి టెర్మిన్‌కి అందుకోలేం. దారి పొడవునా ఫెస్టో కాగితం మీద నది గీస్తూనే ఉన్నాడు. నది దాటేటప్పుడు లుకాలా తల్లి వీపున పసివాడై ఉంటాడని వాడి లెక్క.

"కాదని తేలితేనో?" అన్నాను.

"అప్పుడు నాన్నకి ఫోన్ చెయ్యను" అన్నాడు. నవ్వుతాడేమో అనుకున్నాను, నవ్వలేదు.

హాంబర్గ్‌లో ఎప్పటిలాగే వాన, గొడుగు తిరగబడే గాలి. హైదరాబాద్‌లో మా వీధివాడే అయిన ఇమ్రాన్ భాయ్ ఇక్కడ పోర్టులో పనిచేస్తాడు. కారు తీసుకుని స్టేషన్‌కి వచ్చాడు. వెనక సీటు మీద డబ్బాల్లో బగారా అన్నం, దాల్చా.

"ముందుగాల తినుర్రి చెల్లె. ఖాళీ కడుపుతోని పోతే తాతలు దొరకరు" అన్నాడు. ఫెస్టో డబ్బా ఖాళీ చేసి ఇంకో డబ్బా వైపు చూశాడు.

"ఇంతకీ మీ పెద్దాయన ఏం జేసేటోడు? రాజానా?" అని భాయ్ అడిగితే, ఆ ప్రశ్న ఫెస్టోకి నేను ఇంగ్లిష్‌లో చెప్పాను.

"రాజు కాదు, దళానికి నాయకుడు. కానీ మా పక్కనున్న పెద్ద సరస్సు ఒడ్డు తెగవాళ్లూ, కొండల తెగవాళ్లూ కూడా ఆయన పిలిస్తే వచ్చేవాళ్లు. ఎందుకొచ్చేవాళ్లో మాకూ తెలియదు" అన్నాడు ఫెస్టో.

ఆర్కైవ్‌లో బ్యాగులు, పెన్నులు బయటే పెట్టించారు, పెన్సిల్ మాత్రం లోపలికి తీసుకెళ్లొచ్చు. నోటుబుక్కు చేతికొచ్చింది. తీరా తెరిచి చూస్తే పాత కాలపు జర్మన్ గొలుసుకట్టు రాత, ఒక్క అక్షరం కొరుకుడు పడదు! అదృష్టం కొద్దీ అక్కడ ఫ్రౌ లిండే అనే ఆవిడ ఉంది. రిటైరైన టీచరమ్మ, ఇలాంటి రాతలు చదివిపెట్టడానికే వారానికోసారి వస్తుందట. పెన్సిల్ మొనతో వరస చూసుకుంటూ మెల్లగా చదివి, ఒకచోట ఆగింది.

"మీరేం ఆశపడి వచ్చారో నాకు తెలియదు. నువ్వెక్కడివాడివని మిషనరీ అడిగితే లుకాలా చెప్పిన జవాబు ఇది" అంది ఫెస్టోతో.

లుకాలా ఆ నది దాటలేదు. సరస్సు ఒడ్డున వేరే తెగలో పుట్టాడు. పాలపళ్లు ఊడే వయసులో న్గోనీలు వాళ్ల ఊరి మీద పడి, తల్లితో సహా పట్టుకుపోయారు. న్గోనీల ఆచారం ప్రకారం చెవులు కుట్టారు. "ఆ రోజు నుంచి నేను న్గోనీని" అని చెప్పాడట.

ఫెస్టో తల వంచేసుకున్నాడు. దక్షిణం నుంచి వచ్చిన వీరుడి కోసం వస్తే చెరపడ్డ పిల్లవాడు దొరికాడు. నాకు మాత్రం ఒళ్లు పులకరించింది. "తర్వాతి పేజీ, తర్వాతి పేజీ!" అని అరిచినంత పని చేసి, పక్క టేబుల్ ఆయన చూపుకి నోరు మూసుకున్నాను.

తర్వాతి పేజీలోనే ఉంది అసలు సంగతి. తల్లి భాష ఆయన మరిచిపోలేదు. పెద్దయ్యాక సరస్సు ఒడ్డుకి తిరిగి వెళ్లింది యుద్ధానికి కాదు, తల్లి పుట్టిన ఊళ్లో పిల్లనడగడానికి. వాళ్లు పడవలిచ్చారు. కొండలవాళ్లతోనూ వియ్యమందితే వాళ్లు ధాన్యం ఇచ్చారు. మూడు తెగలు ఆయన మాట ఎందుకు విన్నాయో అర్థమైంది! పేజీ అడుగున తల్లి పేరు కూడా ఉంది. నాసేలి.

నాలుగింటికి బయటికొచ్చాం. వాన ఆగలేదు. ఫెస్టో మెట్ల మీద చాలాసేపు నిలబడి, చివరికి ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టి వాళ్ల భాషలో అంతా చెప్పాడు. అంతా విని పెద్దాయన ఒకటే ప్రశ్న అడిగారు.

"నాసేలి" అన్నాడు ఫెస్టో.

ఆయన గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. నాకు పేర్లొక్కటే తెలుస్తున్నాయి. ఫెస్టో, తన పేరు, తండ్రి, తాత, లుకాలా. అక్కడ ఆగారు. "నాసేలి" అన్నారు. మళ్లీ మొదటి నుంచి చెప్పారు, ఈసారి ఎక్కడా ఆగకుండా, పెళ్లి పందిట్లో నిలబడినంత గట్టిగా. ఫెస్టో ఏడ్చేశాడు. మమ్మల్ని తీసుకెళ్లడానికి వచ్చి హారన్ కొడుతున్న ఇమ్రాన్ భాయ్ అది మానేసి, కారు దిగి వచ్చి, వాడి భుజం మీద చెయ్యేశాడు.

ఆ రాత్రి భాయ్ ఇంట్లో పడుకునే ముందు నా వరస నేను చెప్పుకుందామని కూర్చున్నాను. నాన్న, తాత, ముత్తాత దాకా గడగడా వచ్చింది. ముత్తాతని కన్న తల్లి పేరు తెలియదు. సిగ్గేసింది. మీరూ ఇలాంటి వెతుకులాటకి బయల్దేరే పనైతే, టెర్మిన్ కోసం మెయిల్ పెట్టేముందే ఇంటి పెద్దవాళ్లకి ఫోన్ చేసి, గుర్తున్న పేర్లన్నీ చెప్పించుకుని రాసుకోండి. తల్లుల పేర్లు విడిగా అడగండి. అడగందే ఎవరూ చెప్పరు.