ఫాస్ట్‌లీ పక్షాన మా పెదనాన్న

మా పెదనాన్న పోయారన్న కబురు నేను పనిచేసే హట్ బేలో, ఓడ జెట్టీ మీద నాకు తెలిసింది. ఆయన్ని చూడటానికే బయల్దేరాను. సముద్రం బాగాలేదని ఆ రోజు ఓడ ఆపేశారు. బ్యాగు పట్టుకుని వెనక్కి తిరుగుతుంటే తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, ఇంక తొందరపడకు" అన్నాడు.

పెదనాన్న అంటే మా నాన్నకి అన్న. శ్రీకాకుళం తీరం నుంచి సముద్రం దాటి చేపలవేటకి వచ్చి ఈ దీవుల్లో స్థిరపడిన కుటుంబం మాది. అందులో మొదట బడిపంతులైంది ఆయనే. పెద్దదీవిలోని ప్రోతరాపూర్‌లో మావి పక్కపక్క ఇళ్లు. ఆయనకి పిల్లల్లేరు, అందుకని నేనూ తమ్ముడూ రెండిళ్లలోనూ పెరిగాం. సర్వీసంతా ఇంగ్లీషు చెప్పారు. ఎవరైనా 'ఫాస్ట్‌లీ' అని రాస్తే ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేసేవారు. ఫాస్ట్‌కి లీ తగిలించకూడదని నాకు నేర్పింది కూడా ఆయనే.

రిటైరయ్యాక ఏమైందో గానీ పార్టీ మార్చేశారు. అప్పటికి నేనూ ఇంగ్లీషు టీచర్నయ్యాను. సెలవులకి వస్తే చాలు, పెరట్లో కొబ్బరికాయలు ఒలుస్తూ వాదన మొదలెట్టేవారు. స్లోకి స్లోలీ ఉంది, క్విక్‌కి క్విక్‌లీ ఉంది, పాపం ఫాస్ట్ ఏం తప్పు చేసిందని అడిగేవారు. నేను వ్యాకరణం చెప్పేదాన్ని, ఆయన న్యాయం మాట్లాడేవారు. 'రిటర్న్ బ్యాక్' మాత్రం నేను ఒప్పుకోనన్నాను, రిటర్న్‌లోనే వెనక్కి అన్న అర్థం ఉంది కదా అని. మన ఓడలు సగందూరం వెళ్లి గాలి చూసి తిరిగొచ్చేస్తాయే, దాన్ని మరేమంటావన్నారు. పెద్దమ్మ వంటింట్లోంచి, మీరిద్దరూ ఇంగ్లీషే తినండి, నేను పొయ్యి కట్టేస్తున్నానని కేకేసేది.

ఓసారి చౌల్దారీలో బంధువుల ఇంటికి వెళ్లి బస్సులో వస్తూ, ఎందుకిలా మారిపోయారని అడిగాను. కిటికీలోంచి పొలాలు చూస్తూ చెప్పారు. రిటైరైన ఏడాది శ్రీకాకుళంలో పెళ్లికి వెళ్లారట. అందరూ బయల్దేరుతుంటే, బండి తప్పిపోతుందని మన దీవుల హిందీ కలిసిన తెలుగులో, "జల్దీ రండి, గాడీ ఛూట్ అయిపోతాది" అన్నారట. పెళ్లివారంతా నవ్వారు. ఆ మాట ఇంకోసారి అనమని, వీధిలోవాళ్లని కూడా పిలిచి వినిపించారు. ఆయనా నవ్వుతూనే అన్నారట, మళ్లీ మళ్లీ.

"మా అమ్మ అలాగే మాట్లాడేది బేటీ" అన్నారు నాతో. "అది తప్పని ఆ రోజు దాకా నాకు తెలీదు. అప్పుడు నేను ఎర్రసిరాతో కొట్టేసిన పిల్లలందరూ గుర్తొచ్చారు."

ఆ తరవాత నేను వాదన మానలేదు. మానితే ఆయనకి నచ్చదు.

కిందటి వానాకాలం ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, నోరు వంకర తిరిగింది. మాటలు పోయాయి. ఉన్న నాలుగైదు కూడా కలగాపులగమైపోయాయి. నీళ్లు కావాలని ఉప్పు అనేవారు. పెద్దమ్మ ఆయన కళ్లు చూసి తెచ్చిచ్చేది. నేను సెలవు పెట్టి వెళ్లి మంచం పక్కన కూర్చున్నాను. "పెదనాన్నా, మీరే గెలిచారు. ఇకనుంచి మా పిల్లలు ఫాస్ట్‌లీ అని రాస్తే మార్కు వేసేస్తాను" అన్నాను.

ఆయన పెదాలు కదిలాయి, మాట రాలేదు. మళ్లీ ప్రయత్నించారు.

"ఫాస్ట్" అన్నారు. ఎడమచేతి వేలు పైకెత్తి అడ్డంగా ఆడించారు. "లీ... నో."

నోటికి ఎడమవైపు నవ్వు వచ్చింది. నేను ఆయన పక్కకి వచ్చేస్తే వాదించడానికి ఎదురుగా ఎవరూ ఉండరని, ఆయనే నా పక్కకి వచ్చేశారు. నేను నవ్వాను. పెద్దమ్మ గరిటె చేత్తో పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. ఆయన మాట విని ఎన్నాళ్లయిందో, గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది.

సెలవు అయిపోయి హట్ బే వచ్చేశాను. ఈమధ్య మా బళ్లో ఓ పిల్ల 'థాంక్యూ మచ్‌లీ' అని రాసింది. చదవగానే పెదనాన్నే గుర్తొచ్చారు. మచ్‌లీ అంటే మన దీవుల్లో చేప కదా, వేటకెళ్లే ఇంట్లో పుట్టిన మీకు ఇంతకంటే మంచి థాంక్స్ ఎవరు చెబుతారు అని అడగాలనుకున్నాను. ఫోన్లో చెబితే ఆయన మొహం కనబడదు. ఎదురుగా చెబుదామనే ఆ రోజు జెట్టీకి వెళ్లాను. ఇప్పుడా మాట ఎవరికి చెప్పినా ఊరికే నవ్వి ఊరుకుంటారు.

ఓడ కదిలి నేను ఇల్లు చేరేసరికి అంతా అయిపోయింది. అస్థికలు కలపడానికి మాత్రం అందుకున్నాను. వండూర్ సముద్రతీరంలో జెట్టీకి దూరంగా, మనుషుల్లేని చోటికి వెళ్లాం. నీళ్లు బాగా వెనక్కి తగ్గి ఉన్నాయి. మోకాళ్ల లోతు దాకా నడిచాక తమ్ముడు కుండ వంచాడు. బూడిద వెంటనే కరిగిపోయింది. బంతిపూలు మాత్రం లోపలికి పోకుండా చిన్న అలల మీద మా కాళ్ల దగ్గరికే వస్తున్నాయి. పెద్దమ్మ నడుం వంచి, తడిసిన కొంగు పట్టించుకోకుండా, ఒక్కో పువ్వునీ అరచేత్తో మెల్లగా ముందుకి తోస్తోంది.