మాస్టరుగారి తీగ గులాబీ

పంతొమ్మిదివందల అరవైలలో నేను పెనుకొండ స్టేషన్లో టికెట్లు ఇచ్చేవాణ్ణి. మా స్టేషన్ మాస్టరుగారు బెంగళూరు నుంచి తెచ్చిన తీగ గులాబీని ప్లాట్‌ఫారం కంచెకు పాకించారు. అది ఎండాకాలంలోనూ పచ్చగానే ఉండేది, పూసేది మాత్రం కాదు. ప్రతి బండీ వెళ్లగానే ఆయన కొసలు ఎత్తి చూసి, "ఈ తూరి పూస్తాది చూడప్పా" అనేవారు. మేం చాటుగా నవ్వుకునేవాళ్లం.

మూడేళ్లకు ఆయనకు ధర్మవరం బదిలీ అయింది. వెళ్లే రోజు ఉదయం ఆయన సామాను రైల్లో పెట్టి కూర్చున్నాక, కంచె మీద నాకు గులాబీ రంగు కనిపించింది.

"సార్, పూసిండాది, దిగండి" అని అరిచాను.

ఇంజను ఇంకా నీళ్లు పట్టుకుంటోంది. ఆయన చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చారు. ఆకుల మాటున గుత్తులు గుత్తులుగా పూలు. ఒకటి కోసివ్వబోతే నా చెయ్యి పట్టుకున్నారు.

"వద్దప్పా. అందర్నీ చూడనీ."

ఇంజను కూత వేసేదాకా ఆయన ఒక్కో కిటికీ దగ్గరికీ వెళ్లి, "పూసిండాది, చూడండప్పా" అని చెబుతూనే ఉన్నారు.