షేర్వాణీ ఎవరింటిది

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఊపుమీదున్న రోజుల్లో, కొడకండ్ల దగ్గరి ఒక హైస్కూల్లో నేను సోషల్ టీచర్ని. ఏటా ధర్నా టెంట్ ముందు పిల్లలతో సాయుధ పోరాటం నాటకం వేయించేవారు. రజాకార్ల సర్దారు వేషం మాత్రం ఎప్పుడూ ముస్లిం పిల్లలకే! ఎవరు పెట్టారో ఆ ఆనవాయితీ. షేర్వాణీ కూడా వాళ్లింటి నుంచే రావాలి.

నాకు ఆ బడిలో అది మొదటి ఏడు. నాటకం మాటెత్తిన మర్నాడే తొమ్మిదో తరగతిలోని ఒకే ఒక్క ముస్లిం పిల్ల బడి మానేసింది.

బడి వదలగానే వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మ కుట్టుమిషన్ ఆపకుండానే మాట్లాడింది.

"దీని అన్న ఏసిండు మేడం గా ఏషం. అప్పటిసంది బడంత రజాకార్, రజాకార్ అని పిలిసిండ్రు. వాడు సదువిడిసి హోటల్ల పనికి కుదిరిండు. దీన్ని పంప."

"రేపు పంపు అక్కా. ఈసారి చిట్టీలేస్త. ఎవలకొస్తే వాళ్లే ఏస్తరు" అన్నాను.

ఆ మాట అప్పుడే ఊరి ఉద్యమ పెద్దకు చేరిపోయింది. ఆయనది దొరల కుటుంబం, మనవడు అదే తరగతి. నన్ను ఇంటికి పిలిపించాడు. హాల్లో, వాకిట్లోకే కనపడేటట్టు ఆయన తండ్రి ఫోటో ఉంది, నల్ల షేర్వాణీలో.

"మా పోరనికి రజాకార్ ఏషమొస్తే ఎట్ల మేడం? ఊరు నవ్వదా?"

"రజాకార్లకు గడీలల్ల అన్నం పెట్టిన దొరలు లేరా అన్నా? వాళ్లతోని కొట్లాడి సచ్చిన ముస్లింలు లేరా?"

"ఎవలు కాదన్నరు? గవన్ని ఇప్పుడెందుకు? ముందు రాష్ట్రం రానియ్యి. చరిత్ర తర్వాత చూసుకుందం."

నాకు చిర్రెత్తుకొచ్చింది. మన చరిత్రను పాఠ్యపుస్తకంలో నాలుగు ముక్కల్లో తేల్చేశారని ఆ టెంట్లో గొంతు చించుకున్నదాన్ని నేనే. ఆ నాలుగు ముక్కల్నీ మళ్లీ మనమే కత్తిరిస్తామంటే ఊరుకుంటానా!

"అప్పటిదాంక గా పిల్ల ఇంట్ల కూసోవాల్నా?" అని లేచి వచ్చేశాను.

మర్నాడు పిల్ల వచ్చింది. చాక్‌పీసుల డబ్బాలో చిట్టీలు వేసి కలిపితే తలా ఒకటి తీశారు. చూస్తే ఏముంది, ఆ పిల్లకే రజాకార్ల సర్దారు వేషం! వెనక్కి తీసుకుందామని చెయ్యి చాపాను.

"ఉండనియ్యి టీచర్" అని చిట్టీని గుప్పిట్లో బిగించింది. "గిది చిట్టీల వచ్చింది. నా పేరు చూసి ఇయ్యలే కదా. ఏస్త."

తర్వాత పెద్దాయన మనవడి వైపు తిరిగింది. "కని షేర్వాణీ మా ఇంట్లది తేను. మీ ముత్తాత ఫోటోల తొడుక్కున్నడు కదరా, అది తే."

తరగతంతా గొల్లున నవ్వింది. వాడి మొహం ఎర్రబడింది, ఆపైన వాడూ నవ్వేశాడు. "పెట్టెల ఉన్నది. తెస్త."

అన్నట్టే తెచ్చాడు. నాటకం నాడు పెద్దాయన ముందు వరసలో కూర్చుని, ఆ పిల్ల వంటిమీద ఉన్న తన తండ్రి షేర్వాణీని చివరిదాకా చూశాడు.