తాళాలు చేతిలో పెట్టాను, గుండె ఆగి ఉంది

ఆ ఆదివారం చర్చిలో మా బావ డోలక్ వాయిస్తూ వాయిస్తూ పాట మధ్యలో ఆపేశాడు. బావంటే నా మొగుడే, మేనత్త కొడుకు. పాట అవకుండా చెయ్యి తీసే మనిషి కాదు. నాకు అప్పుడే మనసు కీడు శంకించింది.

"ఏటయినాది బావా?" అన్నాను బయటికొచ్చాక.

"వాయించి వాయించి సెయ్యి లాగతన్నాదే. గుండెల్లో గేసు కూడాను. సోడా తాగితే పోతాది."

మా ఇళ్లల్లో గుండెలో ఏ నొప్పొచ్చినా దాని పేరు గేసే!

విజయనగరం వెళ్లే దారిలో, భోగాపురం జంక్షన్‌లో స్కూటర్ ఆపి సోడా అందుకున్నాడు. తాగనేలేదు. నిలువునా కూలిపోయాడు. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. "ఫిట్స్! ఇనుమెట్టండి!" అని జనం అరిచారు. స్కూటర్ తాళాలు బావ గుప్పిట్లో కుక్కి గట్టిగా మూసి పట్టుకున్నాను. ఎవరో సోడా మొహాన కొట్టారు. కొట్టుకోవడం ఆగింది.

"తగ్గిపోనాదమ్మా," అన్నాడు సోడాల అతను. నేనూ హమ్మయ్య అనుకున్నాను.

అంతలో హైవే పోలీసుల జీపు ఆగింది. హెడ్ కానిస్టేబుల్ దిగి బావ ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. "తగ్గడం కాదమ్మా, గుండాగిపోనాది!" అంటూ చొక్కా గుండీలు తెంపేసి ఛాతీ నొక్కడం మొదలెట్టాడు. రెండో అతను జీపులోంచి గుండెకి షాకిచ్చే, టిఫిన్ బ్యాగంత మిషను తెచ్చి, తడి తుడిచి ఛాతీకి రెండు ప్యాడ్లు అంటించాడు.

"కరెంటెట్టి సంపేస్తారేటి?" అని అతని చెయ్యి పట్టుకున్నాను.

"సంపడానికి ఏటి మిగిలున్నాదమ్మా? వదులు!"

వదిలాను. షాక్‌కి బావ ఒళ్లు ఎగిరిపడింది. మళ్లీ నొక్కారు. కాసేపటికి గురక పెట్టినట్టు పెద్ద ఊపిరి తీశాడు. దేవా అని రోడ్డు మీదే కూలబడి ఏడ్చాను.

ఆసుపత్రిలో ఈసీజీ, యాంజియోగ్రామ్, స్టెంట్ అయ్యాయి. "గుండె ఓకే అమ్మా. బ్రెయిన్‌కి ఎంతసేపు ఆక్సిజన్ అందలేదో, లేచాకే చెప్పగలం," అన్నారు డాక్టరు. నన్ను గుర్తుపడతాడా? కూర్చోలేను, నిలబడలేను. ఐసీయూ తలుపు ముందు కాలుగాలిన పిల్లిలా తిరిగాను. నర్సమ్మ కసురుకుంటే నేనూ కసురుకున్నాను.

చివరికి బావ కళ్లు తెరిచి నన్ను చూశాడు. "నాను సోడా తాగినానేటే?" అన్నాడు. లేదన్నాను. కాసేపటికి మళ్లీ అదే మాట. మర్నాడూ అదే. మొదట ఏడ్చాను. తర్వాత ఒళ్లు మండి, "తాగినావు బావా, రెండు తాగినావు!" అని అరిచాను.

"షార్ట్ టర్మ్ మెమరీ దెబ్బతింది, మెల్లగా వస్తుంది," అన్నారు డాక్టరు. వచ్చింది. ఆ ఆదివారం ఒక్కటే రాలేదు. అది మొత్తం నా దగ్గరే ఉండిపోయింది.

అందుకే చెబుతున్నాను. మనిషి పడిపోయి, పిలిస్తే పలక్క, ఊపిరి సరిగ్గా లేకపోతే తాళాల కోసం వెతక్కండి. అంబులెన్స్‌కి ఫోన్ చేయించి, ఛాతీ మధ్యలో గట్టిగా, గబగబా నొక్కండి. మిషను వచ్చేదాకా ఆపకండి. మిషను తెచ్చినవాళ్ల చెయ్యి మాత్రం పట్టుకోకండి.

బావ మళ్లీ డోలక్ వాయిస్తున్నాడు. నాకే కుదురు లేదు. మొన్న చర్చిలో డోలక్ ఆగగానే అందరిలో దిగ్గున లేచి నిలబడిపోయాను.

"పాటయిపోనాదే," అన్నాడు బావ నవ్వుతూ. "కూకో."