అమ్మ బాగుందన్న కాఫీ

మా అమ్మ తన జీవితంలో ఎవరి కాఫీనీ బాగుందని అనలేదు. పెళ్ళిళ్ళలో తాగింది, రైల్లో తాగింది, మా అత్తగారి తరఫు ఇళ్ళన్నిటిలోనూ తాగింది. ఎక్కడ తాగినా గ్లాసు అందుకోగానే ఒక మాట పడేది. "పాలు రెండుసార్లు కాగినాయి." "పొడి తెచ్చి నెలయింటాది." "చికోరీ జాస్తి." ఇవన్నీ ఒక్క గుక్కయినా మింగకముందే. వాసన చూసి చెప్పేది. తర్వాత తాగడం కేవలం మర్యాదకి.

నా కాఫీకైనా ఆమె దగ్గర చుట్టరికం చెల్లలేదు. నాకు నలభై ఏడేళ్ళు, కాలేజీలో పిల్లలకు పాఠాలు చెబుతాను, ఇంట్లో నా మాట బాగానే సాగుతుంది. అయినా నేను కలిపిన కాఫీ మా అమ్మ ముక్కు దగ్గరికి వెళ్ళినప్పుడల్లా పరీక్ష రాసిన పిల్లలా నిలబడేదాన్ని. "నీళ్ళగుండాది" అనేది. నేను వాదించేదాన్ని. మళ్ళీ మర్నాడు అదే మాట, అదే వాదన.

నాయన పోయాక ఆమె తిరుపతిలో మా దగ్గరికి వచ్చేసింది. వస్తూ వస్తూ తన ఇత్తడి ఫిల్టరు చీర మడతల్లో చుట్టి తెచ్చుకుంది. అప్పటినుంచి పొద్దున్నే మొదటి గంట వంటిల్లు ఆమెది. ఆ గంటలో నేను సగం నిద్రలో ఉండేదాన్ని. పైగిన్నెలోంచి కిందిగిన్నెలోకి డికాషన్ చుక్కచుక్కగా పడే చప్పుడు గోడ అవతలినుంచి వినబడేది. ఒక చుక్కకీ ఇంకో చుక్కకీ మధ్య ఒక చిన్న కల పట్టేది. వంటింటి కిటికీలోంచి కొండ కనబడుతుంది. ముసురు రోజుల్లో మబ్బు దిగి సగం కొండ ఉండదు. లేచి వెళ్ళేసరికి ఆ మబ్బూ, పాలగిన్నె మీది ఆవిరీ ఒకేచోట నుంచి వస్తున్నట్టుండేది. అమ్మ వెనక్కి తిరగకుండానే గ్లాసు నా చేతికి అందించేది.

మాది నగరి. నాకు గుర్తున్న మొదటి వాసన కూడా ఆ ఊరి కాఫీపొడి అంగడిదే. పగలంతా మరమగ్గాల చప్పుడు వీధిని ఊపుతుండేది, ఆ చప్పుడు మధ్య అంగడి పెద్దాయన పచ్చిగింజలు వేయించేవాడు. అమ్మ నన్ను చంకనేసుకుని వెళ్ళి, వేగిన గింజ ఒకటి తీసి కొరికి చూసి, ఇంకొంచెం వేగాలనో చాలనో చెప్పేది. ఆయన విసుక్కునేవాడు కాదు. మరపట్టిన పొడి వేడివేడిగా కాగితం పొట్లంలో కట్టి నా చేతికిచ్చేవాడు. దాన్ని పొట్టకి ఆనించుకుని అమ్మ భుజం మీద తల వాల్చేదాన్ని. ఇల్లు ఎప్పుడు వచ్చేదో నాకు తెలిసేది కాదు. ఆ వెచ్చదనం ఇప్పటికీ ఒక్కోసారి ఊరికే, బస్సులో కూర్చున్నప్పుడు, పొట్ట మీదికి వస్తుంది.

ఫిల్టరు విషయంలో ఆమెకొక పద్ధతి ఉండేది. నెలకోసారి మధ్యాహ్నం పూట బాల్కనీలో కూర్చుని, పైగిన్నె అడుగున ఉన్న చిల్లులన్నీ బట్టలు కుట్టే సూదితో ఒక్కొక్కటే పొడిచి శుభ్రం చేసేది. పొడి ఇరుక్కుంటే డికాషన్ దిగదు. మిద్దె మీద అద్దెకున్నామె తన స్టీలు ఫిల్టరుని గ్యాసు మంట మీద పెట్టి రెండు నిమిషాల్లో ఆ పని కానిచ్చేది. ఇరుక్కున్నదంతా కాలి బూడిదై రాలిపోయేది. నేనూ అలా చేద్దామంటే అమ్మ ఒప్పుకునేది కాదు. "అది స్టీలు, కాల్చినా తట్టుకుంటాది. దీనికి లోపల కళాయి ఉండాది. మంట తగిలితే కారిపోతాది. కళాయి ఏసేటోడు యాడుండాడే ఇప్పుడు?" అనేది. సూదిపని అయ్యాక గిన్నెని ఎండకి ఎత్తి చూసేది. చిల్లుల్లోంచి వెలుతురు చుక్కలు ఆమె నుదుటి మీద, చెంప మీద పడేవి. ఏ చుక్కైనా తక్కువైతే మళ్ళీ సూది అందుకునేది.

ఇదంతా ఆ జ్వరానికి ముందు సంగతి.

ఆ ఏడాది ఊరందరికీ వచ్చినట్టే మాకూ జ్వరం వచ్చింది. మాకు పోయింది, అమ్మకీ పోయిందనే అనుకున్నాం. ఆమె లేచి తిరిగింది, వంటింట్లోకి వెళ్ళింది, కాఫీ కలిపింది. చేతి కొలత కాబట్టి రుచి మారలేదు. ఎవరి కాఫీకైనా వంకలు పెట్టడం మాత్రం మానేసింది. జ్వరం మనిషిని మెత్తబరిచిందని మా ఆయన అన్నాడు. నేను నవ్వాను కూడా.

నాలుగు నెలలు గడిచాక ఒక పొద్దున కరెంటు లేదు. కిటికీ వెలుతురులోనే అమ్మ ఫిల్టరు వేసింది. అంతకు ముందురోజు అలమరా దులిపి డబ్బాల చోట్లు మార్చింది నేను. మా ఇంట్లో కాఫీపొడి డబ్బా, మిరియాల చారుపొడి డబ్బా ఒక్క సైజువే. మా ఆయన నోట్లో వేలు పెట్టినా కొరకడు. మొదటి గుక్క తాగి కొంచెంసేపు ఆగాడు. రెండో గుక్క తాగి, "అత్తా, మిరియాలేమైనా ఏసినావా?" అని అడిగాడు.

"కాఫీలో మిరియాలు ఎవురన్నా ఏస్తారా నాయనా?" అంది అమ్మ.

నేను తాగి చూశాను. ధనియాలు, జీలకర్ర, మిరియాలు, వాటి మీద పాలూ చక్కెరా. నవ్వాపుకోలేకపోయాను. పొట్ట పట్టుకుని నవ్వాను. అప్పుడు అమ్మ మొహం చూశాను. ఆమె తన గ్లాసుని ముక్కు దగ్గర పెట్టుకుని అలాగే నిలబడి ఉంది. చాలాసేపు పెట్టుకుంది. ఆ తర్వాత గ్లాసు దించి, "నాకేం తెలీలేదు మే," అంది.

"ఎప్పటినుంచి మా?"

"జొరం వచ్చినప్పటినించి. ఏ వాసనా లేదు. వస్తాదిలే, వస్తాదిలే అని చెప్పలేదు మీకు."

నా నవ్వు ఎక్కడికి పోయిందో తెలియదు. అంత సిగ్గు నాకు అంతకుముందు ఎప్పుడూ కలగలేదు. మా ఆయన ఆ గ్లాసు చివరిదాకా తాగేశాడు. ఎందుకు తాగావని తర్వాత అడిగాను. "పారబోస్తే ఆమె సూస్తాది గదా," అన్నాడు.

ముక్కు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. వచ్చేదైతే మెల్లగా వస్తుందన్నాడు. కొందరికి రాకపోవచ్చు కూడా అన్నాడు, గొంతు తగ్గించి. అమ్మ విననట్టే కూర్చుంది. మర్నాటినుంచి వంటింట్లోకి రావడం మానేసింది. "ఇంక నువ్వే కలుపుకో. నాకు కాఫీ వొద్దు, ఉత్త పాలియ్యి. వాసన లేని కాఫీ ఏడినీళ్ళే," అంది. ఫిల్టరు కడిగి అలమరాలో బోర్లించింది. ఆ మొదటి గంట ఎవరిదీ కాకుండా పోయింది. నిద్రలో వినడానికి చుక్కలు లేవు. నేను అలారం పెట్టుకోవడం మొదలుపెట్టాను.

నాకు భయం వేసింది. కాఫీ గురించి కాదు. ఇల్లు మారి, ఊరు మారి, నాయన పోయి కూడా ఆమె ఆమెగా ఉండడానికి ఆ ముక్కే ఆధారం. అది రాకపోతే ఆమె మిగతా రోజులన్నీ ఇలా పాలు తాగుతూ బాల్కనీలో కూర్చుంటుందని అనిపించింది. ఎలాగైనా ఆ వాసనని తట్టిలేపాలని పట్టుబట్టాను.

నాది ఆరంభశూరత్వమని మా ఆయన అంటాడు. ఈసారి ఆరంభం కాస్త గట్టిగానే జరిగింది. చిక్‌మగళూరు గింజలు తెప్పించాను, కొడగువి, అరకువి తెప్పించాను. ఒకే గింజ గుండ్రంగా ఉండే పీబెర్రీ తెప్పించాను. చేత్తో తిప్పే చిన్న మర కొన్నాను. పొద్దున్నే నేను దాన్ని ఒళ్ళో పెట్టుకుని తిప్పుతుంటే, "రాగులు ఇసిరినట్టు ఏందే అది," అంది అమ్మ. గాజుకూజా ఒకటి కొన్నాను. పొడీ వేడినీళ్ళూ పోసి, నాలుగు నిమిషాలాగి, జల్లెడ ఉన్న కాడని పైనుంచి నొక్కాలి. తర్వాత ఇంకో కూజా వచ్చింది. అడుగున నీళ్ళు మరిగి, పొడిలోంచి పైకెక్కి, బుసబుసమంటూ డికాషన్ పై అరలోకి వస్తుంది. ఆ తర్వాత కాగితపు గరాటు. దాని మీద నీళ్ళు సన్నధారగా, గుండ్రంగా తిప్పుతూ పోయాలి. అమ్మేవాళ్ళు ఫోనులో చూపించినప్పుడు ప్రతిదీ అరచేతిలో వైకుంఠమే.

ఆ పొద్దులు మాత్రం నిజంగా వింతగా గడిచాయి. పొడి మీద మొదటి నీళ్ళు పడగానే అది ఊపిరి పీల్చుకున్నట్టు ఉబ్బుతుంది. అరకు గింజల్లో ఎక్కడో పండిన పండు వాసన. కొడగు గింజలు దోరగా వేగితే బెల్లం పాకం లాంటిదేదో. నేను ఆ ఆవిరిలో మొహం పెట్టి నగరి వీధిలోకి, ఆ పొట్లంలోకి వెళ్ళిపోయేదాన్ని. ఇన్నేళ్ళూ అమ్మ ముక్కుతోనే బతికేశానని, నాకూ ఒక ముక్కుందని అప్పుడే తెలిసింది. ఆమెది పోయాక నాది తెరుచుకోవడం నాకు దొంగతనంలా అనిపించేది.

ప్రతి గ్లాసూ అమ్మ దగ్గరికి తీసుకెళ్ళేదాన్ని. నా కోసం ముక్కు దగ్గర పెట్టుకునేది. తల అడ్డంగా ఊపేది. అలా రెండు నెలలు. ఒకరోజు కాగితపు గరాటులో దించిన అరకు కాఫీ ఇచ్చాను. పీల్చింది, ఒక గుక్క తాగింది, నా మొహంలోకి చూసింది.

"బాగుండాది మే," అంది.

నేను గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. మా అమ్మ నా మీద జాలిపడి అబద్ధమాడింది. ఆమె ఆశ వదిలేసుకుందని అర్థమైంది. ఇన్నేళ్ళు ఎదురుచూసిన మాట అది.

ఆ సాయంత్రమే కూజాలూ గరాటూ మరా అన్నీ అట్టపెట్టెలో సర్ది అటక మీద పెట్టేశాను. మర్నాడు అలమరాలో బోర్లించిన ఇత్తడి ఫిల్టరు తీశాను. ఆమె కోసం కాదు, ఆ చుక్కల చప్పుడు నాకే కావాలనిపించింది. ఎప్పుడూ వాడే పొడి వేసి, నీళ్ళు పోసి కూర్చున్నాను. పావుగంటైనా ఒక్క చుక్క పడలేదు. జ్వరం నాటినుంచి ఎవరూ సూది పెట్టలేదు, చిల్లులన్నీ పాత పొడితో పూడిపోయాయి. కాలేజీకి టైమవుతోంది. నీళ్ళూ పొడీ పారబోసి, చిరాకులో, మిద్దె మీదామె చేసినట్టు పైగిన్నెని పట్టకారుతో పట్టుకుని మంట మీద పెట్టాను. చిల్లుల్లో పొడి రేణువులు ఎర్రగా మిణుకుమిణుకుమన్నాయి. సన్నగా పొగ లేచింది.

అమ్మ బాల్కనీలో ఉంది. మధ్యలో హాలు, తలుపు కూడా దగ్గరగా వేసి ఉంది.

"ఏందే మాడతా ఉండేది?" అని కేకేసింది.

"ఏం లేదు మా, ఫిల్టరు," అన్నాను అలవాటుగా. అన్నాక నా చెయ్యి మంట మీదే ఆగిపోయింది.

తలుపు తీసిన చప్పుడైంది. ఆమె గోడ పట్టుకుని, మొహం కొంచెం పైకెత్తి, మెల్లగా నడిచి వచ్చింది. గుమ్మంలో నిలబడి ఇంకోసారి పీల్చింది. "కాఫీపొడే మే. కాఫీపొడి మాడతా ఉండాది," అంది. అప్పుడు మంట మీది గిన్నె చూసింది. వెంటనే, "దించు దాన్ని. కళాయి పోతాది అని నీకెన్నిసార్లు చెప్పినాను," అంది.

దించాను. గిన్నె లోపల ఒక పక్క కళాయి కరిగి ముద్దగట్టి ఉంది. ఆమె దాన్ని చీరకొంగుతో పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. మసి అంటుకుంది. అలాగే నేల మీద కూర్చుండిపోయింది. నేనూ పక్కన కూర్చున్నాను. "కొంచిమే వస్తా ఉండాది. యాడో రెండు వీదులవతల ఎవురో గింజలు ఏయిస్తా ఉండినట్టు," అంది. కాలేజీకి ఫోను చేసి ఆలస్యంగా వస్తానని చెప్పాను.

"సూది తీసకరా," అంది.

మిగిలిన చిల్లులు తనే పొడిచింది. గిన్నెని కిటికీ వైపు ఎత్తి చూసింది. నేను దాన్ని కడిగి, పొడి వేసి, నీళ్ళు పోశాను. చుక్కలు పడటం మొదలైంది. ఇద్దరం ఆ చప్పుడు వింటూ కూర్చున్నాం. కొండ మీది మబ్బు ఇంకా విడలేదు. పాలు కాచి, కాఫీ కలిపి, గ్లాసు ఆమె చేతికిచ్చాను.

ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. ఇంకా ఒక్క గుక్కయినా మింగలేదు.

"నీళ్ళగుండాది," అంది.

నా జీవితంలో మొదటిసారి వాదించలేదు.