కళ్ళతో చూసిందే రాయాలి

ఆ నిబంధన పెట్టింది నేనే. ఇంకెవరి మీదకో తోసేద్దామన్నా వీల్లేదు, సర్వే ప్రశ్నపత్రం మొదటి పేజీలోనే నా వాక్యం అచ్చయి ఉంది: ఇంటివాళ్ళు చెప్పినదానికీ మన కంటికి కనిపించినదానికీ తేడా వస్తే, కంటికి కనిపించిందే రాయాలి. సాయం వస్తుందంటే జనం కష్టాన్ని పెంచి చెబుతారని మా బృందంలో అందరి నమ్మకం. అందరికంటే గట్టిగా నమ్మింది నేను. భీమవరం పక్కన పుట్టి పెరిగినదాన్ని, ఈ ప్రాంతం సంగతి నాకు ఎవరు చెప్పాలి అనుకునేదాన్ని.

సముద్రపు నీరు లోపలికి వచ్చి ఉప్పెక్కిపోతున్న ఊళ్ళలో, ముందు ఏ ఊరికి మంచినీటి ప్లాంటు పెట్టాలో తేల్చడం మా పని. వాతావరణ మార్పు కోసం ఒక నిధి, ఆ నిధి ఖర్చుకు ఒక విధానం, ఆ విధానానికి మా సర్వే. నరసాపురం దాటాక, కాలవ చివర, సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న ఒక జాలర్ల ఊరికి మే నెలలో వెళ్ళాం. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర వదిలిన నీళ్ళు ఎగువనున్న మా చేలూ చెరువులూ తాగాక మిగిలితే ఆ ఊరికి. ఎండాకాలం అసలు మిగలవు. మా రొయ్యల చెరువులు కక్కిన ఉప్పునీళ్ళు మాత్రం మురుగు కాలవలో తప్పకుండా అటే పోతాయి. అందులో మా నాన్నగారి చెరువుల నీళ్ళూ ఉంటాయి. ఆ ముక్క రాయడానికి మా ప్రశ్నపత్రంలో గడి లేదు, నేను పెట్టలేదు.

మొదటి ఇంట్లో యాభై దాటిన ఒకావిడ. ఎండుచేపలు సంతకు తీసుకెళ్ళి అమ్ముకుంటుంది. కొడుకు చేపల వేటకు వెళ్ళాడు, కొత్తగా కాపురానికొచ్చిన కోడలు తలుపు చాటున నిలబడి మమ్మల్ని చూస్తోంది. తాగడానికి ఏ నీళ్ళు వాడతారని అడిగాను.

"బోరు నీళ్ళేనండి. ఉప్పగా ఉంటాయండి. అన్నం వండితే మళ్ళీ ఉప్పుతో పనుండదండి" అంది.

ఆ మాట అంటూనే తోమిన స్టీలు గ్లాసుతో నీళ్ళు తెచ్చిచ్చింది. తాగి చూస్తే తియ్యగా ఉన్నాయి. మూలన చూస్తే కొన్న నీళ్ళ టిన్ను. పక్కింట్లోనూ అంతే, ఆ పక్కింట్లోనూ అంతే. అందరూ బోరు నీళ్ళనే చెప్పారు, అందరూ తియ్యటి నీళ్ళే ఇచ్చారు. నేను లోలోపల నవ్వుకుంటూ "కొన్న నీళ్ళు" అన్న గడిలో టిక్కు పెట్టుకుంటూ పోయాను. దొంగను పట్టుకున్నంత సంతోషం నాకు. ఇప్పుడు చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది.

నాకు తెలియని విషయమా అది? మా ఇంటికి చుట్టాలొస్తే అమ్మ చిక్కటి కాఫీ ఇచ్చేది, నాలుగు కూరలు చేసేది. వాళ్ళు బస్సెక్కాక రెండ్రోజులు మాకు మజ్జిగా ఆవకాయే. చుట్టాలున్న రోజు విస్తరి చూసి మా ఇంటి స్థితిని ఎవరైనా లెక్కగడితే అమ్మ పగలబడి నవ్వేది. మర్యాద మా ఇళ్ళలోనే ఉంటుందనుకున్నానో ఏమో, ఎండుచేపలు అమ్ముకునే మనిషికి కూడా ఉంటుందని నాకు తోచలేదు.

నివేదికలో ఆ ఊరు "సర్దుబాటు శక్తి గల" ఊరయింది. సొంతంగా నీళ్ళు కొనుక్కోగల ఊరికి తొందరేముందని జాబితాలో అట్టడుగుకు పోయింది. రాజమండ్రిలో జరిగిన సమావేశంలో నా నిబంధనను అందరూ మెచ్చుకున్నారు. నేను వినయంగా తల వంచుకుని కూర్చున్నాను.

ఏడాది తర్వాత ఫలితాలు చెప్పడానికి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళను ఆ ఊరి తుఫాను షెల్టరుకు పిలిచారు. జాబితా చదివింది నేనే. అయిపోయాక, ఆ మొదటింటి ఎండుచేపల ఆవిడ లేచింది.

"మా ఊరు లేదేంటండి?"

మీరు కొన్న నీళ్ళు తాగుతున్నారు కదా, మేం చూశాం కదా అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసింది. కోపం లేదు, అర్థం కాక చూస్తోంది.

"మీరొస్తన్నారని పంచాయతీలో ముందురోజే చెప్పేరండి. ఊరంతా కలిసి ఆటో కట్టించి టిన్నులు తెప్పించేం. ఇంటికొకటి పంచుకున్నాం. అంత దూరం నుంచి ఎండనపడి వచ్చిన ఆడపిల్లలకి ఆ ఉప్పునీళ్ళెలా ఇస్తామండి?"

బయటికొచ్చి మా ఆఫీసు పెద్దాయనకు ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను, తప్పు నాదేనన్నాను. ఆయన మంచి మనిషే, మొత్తం విన్నాడు. ఒక్క ఊరికి మారిస్తే అన్ని ఊళ్ళకూ మార్చాలి, జాబితా ఆమోదమైపోయింది, వచ్చే సర్వేలో చూద్దాం అన్నాడు. వచ్చే సర్వే ఎప్పుడో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. చదువుకున్న చదువంతా ఎందుకో అనిపించి షెల్టరు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. చుట్టూ జనం ఉన్నారన్న స్పృహ కూడా లేదు.

ఆవిడే వచ్చి లేపి, ఇంటికి తీసుకెళ్ళింది. కోడలికి ఆరో నెలట. పాదాలు వాచి చెప్పులు పట్టడం లేదు.

"పాలకొల్లు డాక్టరమ్మగారు బీపీ ఉందన్నారండి. ఉప్పు తగలకూడదన్నారు. కూరల్లో మానేసేమండి, మరి నీళ్ళలో ఎలా మానతాం?" అంది ఆవిడ.

నాకు మీరు తాగే నీళ్ళే ఇవ్వండమ్మా అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. బతిమాలాను. చివరికి కుండలోంచి ముంచి, మొహం అటు తిప్పుకుని గ్లాసు చేతికిచ్చింది. ఎత్తి నోట్లో పోసుకున్నాను. ఉప్పు, దాని వెనక చిలుము వాసన. ఒక గుక్క ఎలాగో మింగాను. రెండో గుక్క గొంతు దిగలేదు. గ్లాసు అరుగు మీద పెట్టేశాను.

"మీకు పడవండి. అలవాటుండాలండి" అంది ఆవిడ, నన్నే ఓదారుస్తున్నట్టు.

ఇంతలో కోడలు పెరట్లోంచి నడుం పట్టుకుని వచ్చింది. అరుగు మీదున్న గ్లాసు చూసింది. నేను వదిలేసిన నీళ్ళను ఎత్తి గటగటా తాగేసింది.